ఎక్కడం తేలికే, నిలబడటమే కష్టం

సెగ్వే బండికి బ్రేకు లేదు, యాక్సిలరేటరు లేదు. పక్కపక్కన రెండు చక్రాలు, మధ్యలో నిలబడటానికి ఒక పలక, పట్టుకోవడానికి నిలువు పిడి ఉంటాయి. మనిషి ముందుకు ఒరిగితే బండి ముందుకు పోతుంది. వెనక్కి ఒరిగితే నెమ్మదిస్తుంది, ఇంకాస్త ఒరిగితే వెనక్కే నడుస్తుంది. చదునైన నేల మీద ఎవరైనా కాసేపట్లో దీన్ని మచ్చిక చేసుకుంటారు. విమానాశ్రయాల్లో, పెద్ద మాల్స్‌లో భద్రతా సిబ్బంది దీనిమీద తిరుగుతుంటే చూసినవాళ్లకు, నడిచే శ్రమ తప్పించే ఒక ఖరీదైన సరదాలాగే అనిపిస్తుంది. అసలు పరీక్ష మెరక దగ్గర మొదలవుతుంది.

దీన్ని తయారుచేసిన అమెరికా ఇంజనీరు డీన్ కామెన్ అంతకుముందే ఐబాట్ అనే చక్రాల కుర్చీని రూపొందించాడు. రెండు చక్రాల మీద లేచి నిలబడి, కూర్చున్న మనిషిని ఎదుటివాళ్ల కంటి ఎత్తుకు లేపగల కుర్చీ అది. మెట్లు కూడా ఎక్కేది. ఆ తూకం విద్యనే నడవగలిగిన వాళ్ల కోసం వాడి 2001 డిసెంబరు 3న న్యూయార్క్‌లో సెగ్వేను బయటపెట్టాడు. నగరాల రూపమే మారిపోతుందని అప్పట్లో పెద్ద ప్రచారం జరిగింది. మారలేదు. దాదాపు 5 వేల డాలర్ల ధర ఒక కారణమైతే, రోడ్డు మీద నడపాలో ఫుట్‌పాత్ మీద నడపాలో ఎవరికీ తేలకపోవడం మరో కారణం. సుమారు లక్షా 40 వేల బండ్లు అమ్ముడయ్యాక, 2020 జులైలో ఉత్పత్తి ఆగింది. అయితే ఆలోచన చావలేదు. ఒంటిచక్రం విద్యుత్ బండ్లు, హోవర్‌బోర్డులు, మధ్యలో ఒకే చక్రం ఉన్న పలకలు అన్నీ దాని సంతానమే. నిజానికి కామెన్ కంటే ముందే, 1980లలో, జపాన్‌లో కజువో యమఫుజి రెండు చక్రాల మీద తనంతట తాను నిలబడే రోబోను చేసి చూపించాడు. కామెన్ దానిమీద మనిషిని ఎక్కించాడు. మనిషిని ఎక్కించడమంటే పడకుండా చూసే పూచీ కూడా నెత్తిన వేసుకోవడమే.

పిల్లలు చీపురుకట్టను తలకిందులుగా అరచేతిలో నిలబెట్టే ఆట చూసే ఉంటారు. చీపురు ముందుకు ఒరిగితే చెయ్యి ముందుకు పరుగెడుతుంది, వెనక్కి ఒరిగితే వెనక్కి. చెయ్యి ఎప్పుడూ చీపురు కిందికి చేరుకోవాలని చూస్తుంటుంది. సెగ్వే చేసే పని అచ్చంగా ఇదే. చక్రాలు అరచెయ్యి, మనిషి చీపురు. ఇందులో పొడుగును బట్టి వ్యవధి మారుతుంది. పొడుగాటి కర్ర నెమ్మదిగా ఒరుగుతుంది కాబట్టి చేతికి సమయం దొరుకుతుంది. పెన్సిల్ చెయ్యి కదిలేలోపే పడిపోతుంది. గరిమనాభి మీటరు ఎత్తున ఉన్న కర్రకు లెక్క కడితే, ఒక డిగ్రీ ఒరుగుదల ఎవరూ పట్టించుకోకపోతే సెకను తిరిగేసరికి పది డిగ్రీలు దాటుతుంది. ఆ సెకనులో యంత్రం ఎన్నోసార్లు చూసుకోవాలి, ఎన్నోసార్లు సరిదిద్దుకోవాలి. సెగ్వే సెకనుకు వందసార్లు ఆ పని చేస్తుంది. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్వీ కూడా తొలి క్షణాల్లో ఇదే సమీకరణంతో కుస్తీ పడుతుంది. నలభై నాలుగు మీటర్ల నిలువు కర్రను కింది నుంచి తోస్తూ పడకుండా చూసుకోవడమే అక్కడా పని.

ఎంత ఒరిగిందో యంత్రానికి ఎలా తెలుస్తుంది? సెగ్వేలో ఐదు గైరోస్కోపులుంటాయి. మూడుంటే చాలు, రెండు అదనం. ఇవి బొంగరంలా తిరిగే పాతకాలపు గైరోలు కావు. సిలికాన్‌తో చేసిన చిన్న ఉంగరాన్ని నిరంతరం కంపింపజేస్తారు. బండి ఒరిగినప్పుడు ఆ కంపనం పక్కకు జరుగుతుంది. తుఫాను గాలుల్ని సుడి తిప్పే కోరియాలిస్ ప్రభావమే ఇక్కడ ఈగంత ఉంగరం మీద పనిచేస్తుంది. గైరో ఒరుగుతున్న వేగాన్ని బాగా చెబుతుంది గానీ, చిన్న చిన్న తప్పులు పోగుపడి కొంతసేపటికి నిట్టనిలువు ఎటో మరిచిపోతుంది. అందుకని ద్రవం నింపిన రెండు ఒరుగుడు సెన్సార్లు పక్కన పెట్టారు. అవి భూమ్యాకర్షణ దిక్కును చెబుతాయి, కానీ బండి కుదుపుకు తేలిగ్గా మోసపోతాయి. ఒకటి తొందరగా చెప్పి మెల్లగా దారి తప్పుతుంది, మరొకటి దారి తప్పదు గానీ తొందర పెడితే తడబడుతుంది. రెండింటి మాటల్నీ తూచి నమ్మకమైన జవాబు తీసే గణితంలో అందరికీ తెలిసిన పేరు 1960లో రుడాల్ఫ్ కాల్మన్ రాసిన ఫిల్టరుది. చంద్రయానం చేసిన అపోలో నౌకల దారి లెక్కల్లోనూ ఆయన పద్ధతే వాడారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ యంత్రానికి నిట్టనిలువు తెలుసు. రోడ్డు ఎంత ఏటవాలుగా ఉందో నేరుగా తెలియదు. నేల ఎటు వంగినా అది భూమి కేంద్రం వైపే చూస్తుంది. మెరక వచ్చిందని దానికి మోటారు మీద పడిన బరువును బట్టి మాత్రమే అర్థమవుతుంది. ఈ చిన్న విషయం నుంచే కొండ కష్టాలన్నీ పుడతాయి.

మన పల్నాడు వాళ్లకు కొండ దారి కొత్త కాదు. నాగార్జునసాగర్ ఆనకట్ట దిగువన కృష్ణ మీద వంతెన దాటి రైట్ బ్యాంక్ వైపు, అంటే విజయపురి సౌత్ వైపు ఎక్కే దారి చాలామందికి పరిచయమే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట కోసం పుట్టిన కాలనీ ఇది. నాగార్జునకొండ దీవికి ఇక్కడి నుంచి లాంచీలు బయల్దేరుతాయి. అయితే మన మెరక రోడ్లన్నింటికీ ఒక మర్యాద ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల ప్రకారం కొండ ప్రాంతాల్లో మామూలుగా 5 శాతం, తప్పనిసరైతే 6, మరీ గత్యంతరం లేని చోట 7 శాతం ఏటవాలు దాటకూడదు. 7 శాతమంటే నూరు మీటర్లు ముందుకు పోతే ఏడు మీటర్లు పైకి లేవడం. అందుకే ఘాట్ రోడ్డు కొండ చుట్టూ మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలన్నీ ఎత్తును వాయిదాల్లో కట్టే ఏర్పాట్లు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ మర్యాద లేదు. కాగితం మీద గళ్లు గీసి, ఆ గీతల్ని కొండల మీదుగా అలాగే నిటారుగా లాగేశారు. హైడ్, లెవెన్‌వర్త్ వీధుల మధ్య ఫిల్బర్ట్ వీధి 31.5 శాతం ఏటవాలు. మన ఘాట్ రోడ్డు గరిష్ఠానికి నాలుగున్నర రెట్లు. అక్కడ గుర్రాలు బళ్లు లాగలేక జారి పడుతుంటే, 1873లో ఆండ్రూ హాలిడీ భూమి లోపల నడిచే ఉక్కుతాడుతో కేబుల్ కారు పెట్టాడు. దిగే పెట్టె బరువు ఎక్కే పెట్టెకు సాయపడే ఆ ఏర్పాటును గుర్తుపెట్టుకుందాం, కాసేపట్లో అవసరమవుతుంది. ఆ ఊరి చుట్టూ ఉన్న బే ఏరియాలో ఉద్యోగాలు చేసే వేలాది తెలుగువాళ్లకు ఆ వీధులు తెలిసినవే. కారు పార్కు చేసేటప్పుడు ముందు చక్రాన్ని ఫుట్‌పాత్ గట్టుకు తిప్పి ఆనించకపోతే జరిమానా వేసే ఊరు అది. తమాషా ఏమిటంటే, సెగ్వేను ఫుట్‌పాత్‌ల మీద నిషేధించిన తొలి పెద్ద నగరాల్లో శాన్‌ఫ్రాన్సిస్కో ఒకటి. 2002 చివర్లో, అది ఇంకా మామూలు జనం చేతికే రాకముందు, నగర పాలకులు ఆ తీర్మానం చేశారు. వాళ్ల భయం కొండల గురించి కాదు, ఫుట్‌పాత్ మీద నడిచే ముసలివాళ్ల గురించి.

లెక్క చేసి చూద్దాం. మనిషి 80 కిలోలు, బండి సుమారు 47 కిలోలు, మొత్తం 127. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో చదును రోడ్డు మీద టైర్ల రాపిడిని గెలవడానికి 50 వాట్లు చాలు. పాత బల్బంత. 7 శాతం మెరక మీద అదే వేగానికి 300 వాట్లు కావాలి. ఫిల్బర్ట్ వీధిలో 1,100 వాట్లు. చదునుకు ఇరవై రెట్లు. అయినా ఇదేమంత భయపెట్టే అంకె కాదు. సెగ్వేలో ఒక్కో చక్రానికి ఉన్న మోటారు కొద్దిసేపు అంతకంటే ఎక్కువే ఇవ్వగలదు. అందుకే ఎక్కడం తేలికే అన్నాను. మామూలు విద్యుత్ స్కూటరుకు ఈ లెక్కతో కథ అయిపోతుంది. శక్తి చాలకపోతే నెమ్మదిస్తుంది, మరీ చాలకపోతే ఆగిపోతుంది, కాలు కింద పెట్టి దిగిపోతాం.

తూకపు బండికి కథ ఇక్కడే మొదలవుతుంది. ఏటవాలు మీద చక్రం నేలను తాకే చోటు ఇరుసుకు సరిగ్గా కింద ఉండదు, మెరక వైపు కాస్త ముందుకు జరుగుతుంది. పడకుండా ఉండాలంటే మొత్తం బరువు ఆ తాకే చోటుకు నిట్టనిలువుగా పైన ఉండాలి. 48 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రానికి ఫిల్బర్ట్ వీధిలో ఆ జరుగుదల 7 సెంటీమీటర్లు. బండి బరువు కిందే ఉంటుంది కాబట్టి ఆ తేడా అంతా మనిషే భరించాలి. ఆయన నడుము ఇరుసు కంటే 11 సెంటీమీటర్లు ముందుకు రావాలి. ఇది ముందుకు పోవడానికి కాదు, ఉన్నచోట ఊరికే నిలబడటానికి. నిటారుగా నిలబడితే యంత్రం అంతా సవ్యంగా ఉందనుకుంటుంది, చక్రాలను వదిలేస్తుంది, బండి వెనక్కి దొర్లుతుంది.

అలా నిలబడి ఉన్నంతసేపూ మోటార్లు 90 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలాన్ని కూడగట్టి పట్టుకోవాలి. చక్రం తిరగడం లేదు, పని జరగడం లేదు, కరెంటు మాత్రం పారుతూనే ఉంది. పారిన కరెంటంతా రాగి తీగల్లో వేడిగా మారుతుంది. తిరిగే మోటారుకు తిరుగుడు వల్ల కొంత గాలైనా తగులుతుంది, వేడి అన్ని చుట్లకూ పంచుకుంటుంది. నిలిచిపోయిన మోటారులో అదే ఒకటి రెండు చుట్ల మీద భారం పడుతుంది. కొండ పరీక్షల్లో చూసేవాళ్లు చప్పట్లు కొట్టేది రయ్యిన ఎక్కినప్పుడు. పరీక్షించే ఇంజనీరు గుండె దడదడలాడేది ట్రాఫిక్ లైటు దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు.

ఈ వేడి లెక్క మనవైపు ఇంకా కఠినం. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు రాని ఏడాది ఉండదు. నీడలోనే 45 డిగ్రీలు దాటే ఊళ్లలో మోటారు పని మొదలుపెట్టేదే వేడి మీద. రాగి నిరోధం డిగ్రీకి 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గరున్న తీగ 100 డిగ్రీలకు చేరితే అంతే కరెంటుకు 30 శాతం ఎక్కువ వేడి పుడుతుంది, ఆ వేడి మళ్లీ నిరోధాన్ని పెంచుతుంది. లోపలి నియోడిమియం అయస్కాంతాలు కూడా వేడికి నీరసపడతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో చలిగాలిలో నెగ్గిన యంత్రం మే నెల మధ్యాహ్నం మాచర్ల రోడ్డు మీద నెగ్గుతుందన్న హామీ లేదు. కంపెనీల కరపత్రాల్లో ఎంత ఏటవాలు ఎక్కుతుందో రాస్తారు. ఎంత ఎండలో, ఎంత బరువుతో, ఎంతసేపు అన్నది నేను చూసినంతలో చిన్న అక్షరాల్లో కూడా అరుదు.

ఇక అసలు చిక్కు. ఈ బండిని ఆపాలంటే ముందు అది కాస్త వేగం పుంజుకోవాలి. వింతగా ఉన్నా నిజం. నెమ్మదించాలంటే మనిషి బరువు చక్రాల వెనక్కి రావాలి. అలా రావాలంటే చక్రాలు ఒక్క క్షణం మనిషిని దాటి ముందుకు దూకాలి. చేతిలో చీపురును ఆపాలనుకున్న పిల్లవాడు కూడా ముందు చేతిని దాని ముందుకు తోస్తాడు, గమనించడు గానీ. అంటే ఏ క్షణంలోనైనా మోటారు దగ్గర వాడుతున్న బలం కంటే కొంత మిగులు ఉండి తీరాలి. ముందుకు పోవడానికీ నిలబడటానికీ ఒకటే మోటారు. ముందుకు పోవడానికే ఉన్నదంతా ఖర్చయిపోతే నిలబెట్టేవాళ్లు ఉండరు. సెగ్వే గంటకు 20 కిలోమీటర్ల దగ్గర పిడిని వెనక్కి నెట్టి మనిషిని బలవంతాన వెనక్కి వాల్చేది ఇందుకే. ఇంకా పోగలదు, కానీ ఆ పోగలిగిన కొంచెమే ప్రాణరక్షణ నిధి.

మెరక ఆ నిధిని తినేస్తుంది. నూటికి తొంభై వంతుల బలం ఎక్కడానికే పోతున్నప్పుడు చక్రం చిన్న గుంతలో పడితే, లేదా మనిషి ఉత్సాహంగా ఇంకాస్త ముందుకు ఒరిగితే, చక్రాలు అందుకోలేవు. బండి ఆగదు, నెమ్మదించదు. మనిషి మొహం మీద పడతాడు. సైకిలు వాడికి అలసట హెచ్చరిక. ఈ బండి మీద మనిషికి అలసట తెలియదు, అలసిపోయేది కాళ్ల కింద కనిపించని యంత్రం.

ఇది ఊహాగానం కాదని ఈ బండ్లు చేసే కంపెనీల చరిత్రే చెబుతుంది. 2003 సెప్టెంబరులో సెగ్వే అప్పటిదాకా అమ్మిన దాదాపు 6 వేల బండ్లన్నింటినీ వెనక్కి పిలిపించింది. బ్యాటరీ అడుగంటినప్పుడు ఒక్కసారిగా వేగం పెంచితేనో, అడ్డంకి తగిలితేనో నిలబెట్టడానికి కరెంటు చాలక మనుషులు పడ్డారు. హెచ్చరిక వచ్చాక కూడా నడుపుతూ పోయినవాళ్లకూ అదే గతి. ఇరవై ఏళ్ల తర్వాత, 2023 సెప్టెంబరులో, వన్‌వీల్ అనే ఒంటిచక్రం పలకలను సుమారు 3 లక్షలు వెనక్కి పిలిచారు. నాలుగు మరణాలు నమోదయ్యాయి. హద్దు దాటినప్పుడు పలక తూకం నిలపడం మానేస్తుందన్నది అక్కడా కారణం. బ్యాటరీలు మారాయి, మోటార్లు మారాయి, చిప్పులు ఎంతో చురుకయ్యాయి. పడే పద్ధతి మారలేదు. రెండో సందర్భంలో చేసిన మరమ్మతు కూడా గమనించదగ్గదే. హద్దు దగ్గరపడుతుంటే పాదాల కింద బుర్రుమనే కంపనం పుట్టించే సాఫ్ట్‌వేర్ వేశారు. మిగులు పెంచలేదు, మిగులు తరిగిపోతోందని మనిషికి చెప్పే ఏర్పాటు చేశారు. నన్నడిగితే ఇరవై ఏళ్ల కిందటే చేయాల్సిన పని అది.

ఎక్కడం సంగతి అలా ఉంచి, దిగడానికి వద్దాం. ఇక్కడ విజయపురి సౌత్ నుంచి చూస్తే కనిపించే ఆనకట్టే మనకు పాఠం చెబుతుంది. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. 110 మెగావాట్లది ఒకటి మామూలు టర్బైను. మిగతా ఏడూ, ఒక్కొక్కటి 100.8 మెగావాట్లు, రెండు వైపులా తిరిగేవి. నీళ్లు కిందికి దూకితే అవి జనరేటర్లు, కరెంటు ఇస్తాయి. కరెంటు మిగిలిన వేళ అవే మోటార్లు, కింది నీళ్లను పైకి తోడతాయి. తోడాలంటే దిగువన నీళ్లు నిలవాలి కదా, అందుకే పల్నాడులో సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ ఆనకట్ట కట్టారు. పైన జలాశయం నిండు మట్టం 590 అడుగులు, దిగువ చెరువుకూ దానికీ తేడా సుమారు వంద మీటర్లు. ఒక యూనిట్ కరెంటుకు, అంటే ఒక కిలోవాట్ గంటకు, నష్టాలేమీ లేకపోయినా మూడు వేల ఆరు వందల లీటర్ల పైచిలుకు నీళ్లు ఆ ఎత్తు దిగాలి.

సెగ్వే చక్రాన్ని తిప్పే మోటారు కూడా సరిగ్గా ఇలాంటిదే. ఎక్కేటప్పుడు మోటారు, దిగేటప్పుడు జనరేటరు. బ్రేకు లేదన్నాను కదా, దిగేటప్పుడు చక్రాన్ని పట్టి ఆపేది ఈ జనరేటరు పనే. పట్టి ఆపినప్పుడు పుట్టిన కరెంటు బ్యాటరీలోకి వెళుతుంది. 127 కిలోలు వంద మీటర్లు దిగితే 35 వాట్ గంటలు. నష్టాలేమీ లేకపోతే ఒక సీలింగ్ ఫ్యాను అరగంట తిరగడానికి సరిపోతుంది. కేబుల్ కారులో దిగే పెట్టె ఎక్కే పెట్టెకు చేసిన సాయమే ఇక్కడ బండి తన రేపటి కోసం దాచుకుంటుంది. వినడానికి బంగారంలా ఉంది.

బ్యాటరీ నిండుగా ఉంటే? జలాశయం 590 అడుగులకు నిండి ఉన్నప్పుడు కింది నుంచి తోడి పోయడానికి చోటు లేదు. నిండిన లిథియం బ్యాటరీలోకి ఇంకా కరెంటు తోస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, వేడెక్కుతుంది, మంట దాకా పోవచ్చు. అందుకని బ్యాటరీని కాపాడే చిప్పు కరెంటు లోపలికి రానివ్వకుండా తలుపు మూసేస్తుంది. కారులో అయితే ఫరవాలేదు, పాదం కింద మామూలు బ్రేకు ఉంది. రైలింజన్లలో అయితే ఆ కరెంటును పెద్ద నిరోధాల్లోకి మళ్లించి వేడిగా గాల్లోకి వదిలేస్తారు. తూకపు బండికి ఆ తలుపు మూసుకోవడమంటే బ్రేకుతోపాటు తూకమూ పోవడమే. కొండ మీద ఇల్లున్నవాడు రాత్రంతా చార్జింగు పెట్టి, పొద్దున్నే నిండు బ్యాటరీతో కిందికి బయల్దేరితే, తొలి రెండు మూడు మలుపుల్లోనే బండి గోలపెడుతుంది. ఇలాంటి బండ్ల మాన్యువళ్లలో ఈ హెచ్చరిక రాస్తూనే ఉన్నారు, చదివేవాళ్లే తక్కువ. కార్ల వాళ్లు కూడా దీన్ని పట్టించుకున్నారు. షెవర్లే బోల్ట్ అనే విద్యుత్ కారులో హిల్‌టాప్ రిజర్వ్ అని ఒక సెట్టింగు ఉండేది. అది ఎంచుకుంటే బ్యాటరీ పూర్తిగా నిండకుండా కాస్త ఖాళీ ఉంచుతుంది. వరద ముందు జలాశయంలో కొన్ని అడుగులు ఖాళీగా ఉంచే సాగర్ ఇంజనీర్లకు ఈ సెట్టింగు అర్థాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు.

దిగుడులో మరో ప్రమాదం నేలది. చక్రం జారితే కారు కాస్త పక్కకు పోతుంది. ఈ బండికి నేల మీద పట్టే ఆధారం. పట్టు పోయిన క్షణంలో మోటారు ఎంత బలంగా తిప్పినా చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, మనిషి కిందికి చక్రం చేరుకోలేదు. తారు రోడ్డు పొడిగా ఉంటే 31 శాతం ఏటవాలుకు కూడా పట్టు చాలినంత ఉంటుంది. మన ఇళ్ల ముందు, గుడుల ముందు పరిచే మాచర్ల నాపరాయి సంగతి వేరు. నడిచీ నడిచీ నునుపెక్కి, పైన వాన తుంపర పడిందంటే చెప్పులతో నడవడానికే జంకుతాం. అక్కడ మోటారు బలం, బ్యాటరీ నిండుదనం ఏవీ పనికిరావు.

సైకిలు తొక్కేవాళ్లు నిటారు మెరకను సూటిగా ఎక్కలేక రోడ్డుకు అడ్డంగా వంకర్లు తిరుగుతూ ఎక్కుతారు. ఘాట్ రోడ్డు ఉపాయమే ఒక్క రోడ్డు వెడల్పులో. ఈ బండితో ఆ పని చేయకూడదు. ఇది ముందుకూ వెనక్కూ మాత్రమే తూకం పడుతుంది, పక్కలకు పట్టదు. పక్కకు దాన్ని నిలిపేది రెండు చక్రాల మధ్య ఎడమే. ఇరుసు మధ్య నుంచి చక్రానికి సుమారు 27 సెంటీమీటర్లు, మొత్తం గరిమనాభి నేల నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తున. ఫిల్బర్ట్ వీధికి అడ్డంగా తిరిగితే బరువు గీత సరిగ్గా కింది చక్రం మీదికి వచ్చేస్తుంది. మనిషి కొండ వైపుకు ఒంగి కాచుకోకపోతే పక్కకు తిరగబడటమే. నిటారు ఎక్కితే మోటారుకు కష్టం, అడ్డం తిరిగితే మనిషికి కష్టం. 7 శాతం దారిలో ఈ బెడద లేదు, అక్కడ హాయిగా వంకర్లు పోవచ్చు.

కాబట్టి కొండ పరీక్ష అంటే కొండెక్కి వీడియో తీయడం కాదు. మొదట బండిని రోలర్ల మీద కట్టి, ఏటవాలు ఎంత భారం వేస్తుందో అంత భారం వేసి, కదలకుండా పట్టి ఉంచి తీగల వేడి కొలుస్తారు. చల్లని గదిలో ఒకసారి, వేడి గదిలో మరోసారి. తర్వాత అదే పనిని బ్యాటరీ అడుగంటినప్పుడు చేస్తారు, ఎందుకంటే అడుగంటిన బ్యాటరీ వోల్టేజి భారం పడగానే కుంగిపోతుంది. దిగుడు పరీక్షను మాత్రం నిండు బ్యాటరీతోనే చేయాలి. ఎక్కుడుకు ఖాళీ బ్యాటరీ, దిగుడుకు నిండు బ్యాటరీ. ఈ రెండూ తిరగేసి చేసినవాడికి బండి అద్భుతంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాతే మనిషి, హెల్మెట్టు, మణికట్టు కవచాలు, తక్కువ ఏటవాలు, పొడి రోడ్డు. గరుకు, గుంత, తడి ఒక్కొక్కటిగా. ఒక తీగ తెగితే ఏమవుతుందో కూడా చూడాలి. సెగ్వేలో ప్రతి మోటారుకూ రెండేసి వేరువేరు చుట్లు, రెండు సర్క్యూట్ బోర్డులు పెట్టింది ఇందుకే. ఒకటి చచ్చినా రెండోది మనిషి దిగేదాకా నిలబెట్టాలి. తర్వాత వచ్చిన చౌక బండ్లలో చాలావాటికి ఈ రెండో ప్రాణం తీసేశారు. ధర తగ్గింది అక్కడే.

యంత్రం ఎంత తెలివైనదైనా తనకు తెలియని సంగతి ఒకటుంది. నేల ఎక్కడ అయిపోతుందో దానికి తెలియదు. సెగ్వే కంపెనీని కొనుక్కున్న బ్రిటిష్ వ్యాపారి జిమీ హెసెల్డెన్ 2010 సెప్టెంబరులో, యార్క్‌షైర్‌లో నది పక్కన గట్టు మీద అదే బండి నడుపుతూ అంచు దాటి పడి చనిపోయారు.

ఇక మన చట్టం సంగతి చూస్తే, అందులో ఈ బండ్లకు ప్రత్యేకంగా గది లేదు. అరగంట సగటు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండే బ్యాటరీ వాహనాన్ని మోటారు వాహనంగా లెక్కించరు, రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. ఆ గీత చదును రోడ్డును మనసులో పెట్టుకుని గీసింది. అదే 250 వాట్లతో, అదే 127 కిలోలతో, 7 శాతం మెరక మీద గంటకు ఎనిమిదిన్నర కిలోమీటర్ల వేగంతో ఎక్కవచ్చు. సాగర్ వంతెన నుంచి రైట్ బ్యాంక్ ఎక్కడానికి అది చాలు, నడిచేవాళ్ల కంటే ముందే పోతాం. ఫిల్బర్ట్ వీధిలో అయితే గంటకు రెండు కిలోమీటర్ల చిల్లర. చంకలో పిల్లనెత్తుకుని నడిచే తల్లి దాటి వెళ్లిపోతుంది. ఆ వేగంలో తూకానికి మిగిలే బలం ఎంతన్నది 250 అనే అంకె చెప్పదు. చట్టం అడిగేది సగటు, పడేసేది ఆ క్షణంలో చాలని బలం.